కొంరవ్వ గడప

కొంరవ్వకు కోపమొస్తే ఆపుడు ఎవ్వలతరం గాదు. గసొంటి మనిషిని పట్నం సూపిస్తమని పొదుపు సంగం ఆడోళ్లు బస్సెక్కిచ్చిండ్రు. చార్మినార్ సూసిండ్రు, జూపార్కుల ఏనుగును సూసిండ్రు, గోల్కొండకాడ మోకాళ్లు పట్టుకున్నయని సగం మంది కిందనే కూసున్నరంట. ఆఖరుకు డ్రైవరు ఏమన్నడంటే, ఒక తోటల పాతకాలం పల్లెటూరు కట్టిండ్రు, సూద్దాం పాండ్రి అన్నడంట. పల్లెటూరోళ్లకు పల్లెటూరు సూపిచ్చుడేందో. సరే, టికెట్లు కొని పోయిండ్రనుకో.

అండ్ల ఏమున్నయి, మట్టిగోడల ఇండ్లు, మట్టిబొమ్మలు. కొంరవ్వ ఒక ఇంటి ముంగట నిలవడ్డది, ఇగ కదుల్తలేదు. ఏమైందంటే, ఆ దర్వాజ ఆమెదేనంట. టేకు దర్వాజ, దాని మీద చెక్కిన చిలుకలు, అటొకటి ఇటొకటి, ఒకదానికి ముక్కు లేదు. కొడుకు చిన్నగున్నప్పుడు రోకలితోని పలగ్గొట్టిన ముక్కది. డ్యాం కట్టి ఊరు ముంచినప్పుడు ఇల్లుతోని అది గూడ నీళ్లపాలైందని ఏడ్సి ఏడ్సి ఊకున్న మనిషాయె. ఎవడో నీళ్లు రాకముందే పీక్కపోయి అమ్ముకున్నడన్నట్టు. ఇప్పుడేమో దాని గడప మీద బూట్లతోని నిలవడి ఒకడు ఫోటో దిగుతుండంట. మనం పొద్దుగాల్నే కడిగి పసుపు రాసి, దాటి పోతం గదా, గడప మీద కాలు పెడ్తమా?

"దిగురా" అన్నది కొంరవ్వ. వాడు దిగిండు. సీసల నీళ్లు వోసి గడప కడిగింది, గుడికాడ కొన్న పసుపు పొట్లం ఇప్పింది, కూసొని రాస్తాంది. కావలోడు ఉరికొచ్చి, ముట్టద్దు, లెవ్వు, ఇంట్లకు పోవాల్నంటే ఇంకో టికెట్ కొనాలె అన్నడంట. "నా ఇంట్ల నేను అడుగువెట్టుడుకు టికెట్టా? కాపురానికొచ్చిన్నాడు కుడికాలు ముందర వెట్టి దాటిన గడపరా ఇది. నా మొగని పీనుగెల్లింది గూడ దీన్ని దాటే. సిగ్గు లేదారా మీకు?" అన్నది. తోటి ఆడోళ్లు రెక్క వట్టి గుంజుతున్నరు, ఆమె ఏడ్సుకుంటనే రాస్తాంది, లేస్తలేదు.

ఇగ జనం మూగిండ్రు. ఏడుస్తున్న మనిషిని సూసి ఏం జేసిండ్రనుకున్నరు? ఇది గూడ తమాషనే అనుకొని, అవ్వా ఇటు మొకం పెట్టు, ఇంకోపారి రాయి అని ఫోన్లు తీసిండ్రు. మేనేజరొచ్చిండు. ఆ జనాన్ని సూసి వాని మొకం చాటంతయింది. "అవ్వా, నువ్వు రోజొచ్చి గిట్లనే పసుపు రాయి, కూలిస్త" అన్నడంట.

కొంరవ్వ వాని దిక్కు సూసింది. కొంగు తడిపి, రాసిన పసుపంత తనే తుడిసేసింది. "మనుషులు బతికే ఇంటి గడపకు రాస్తరురా పసుపు. మీ ఆటకు గాదు" అని లేసి, ఎన్కకు సూడకుంట బస్సుకాడికొచ్చింది.

ఇప్పుడు ఆ గడపకు పసుపు రంగు పెయింటేసిండ్రంట. పెయింటు, ఇంటున్నరా? ఆ డబ్బ ఎత్తి ఆ మేనేజరు మొకాన కొట్టేటోడు ఒక్కడు గూడ లేకపాయె ఆ పట్నంల.