ఏమీ మొలవని ప్లేటు

ల్యాబులో వెచ్చటి పెట్టె తలుపు తీసి, పరిశోధన చేసే అమ్మాయి ఒక ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. గాజుసామాను కడిగి, ప్లేట్లు సిద్ధం చేసే పెద్దాయన చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

“బాబాయ్, ఏడు ఈస్టు చుక్కలు మొలిచాయి.”

“మరి ఆ మొహమేంటమ్మా?”

“పోయిన నెలా మొలిచాయిగా! అందరికీ చాటింపు వేశాక తెలిసింది, నువ్వు ప్లేట్లలో ఈస్టును చంపే మందు కలపడం మర్చిపోయావని. మందు లేకపోతే ఏ ఈస్టయినా పెరుగుతుంది.”

“ఎన్నాళ్లు దెప్పుతావు?”

“పెద్దసారు ఈ ప్రయోగానికిచ్చిన గడువు ఇవాళ్టితో అయిపోతుంది బాబాయ్. నేనెక్కించిన జన్యువు అందినవే మందును తట్టుకుని బతకాలి. ఈ ఏడూ అవేనా, మళ్లీ నీ మతిమరుపా?”

“కింది అరలో మూలన ఇంకో ప్లేటుంది, తియ్యి.”

“ఇదేంటి?”

“తొందరలో ఈసారి నువ్వు మర్చిపోయిందే. నీ ప్లేటుకు పోసిన అదే సీసాలోంచి దీనికీ పోసి, నువ్వేమీ ఎక్కించని ఈస్టు పూశాను.”

“ఒక్కటీ మొలవలేదే!”

“వెలుతురులో పెట్టి చూడు.”

“నున్నగా ఉంది బాబాయ్, అచ్చం నీ బట్టతలలా!”

“అంటే మందు పడింది. ఆ ఏడూ నీవే.”

“బాబాయ్! గెలిచాం!”

“మెల్లగా తల్లీ, పడేస్తావు. వెళ్లి పెద్దసారుని పిలు.”

“నువ్వూ రా. ఈ ఖాళీ ప్లేటు నీ చేత్తోనే చూపించాలి.”

“అయితే ఉండు, చొక్కా గుండీలు పెట్టుకోనీ.”