తేడా తెలియని మందు

ఆసుపత్రి గదిలో మంచం మీద చెల్లెలు. అక్క సన్మానం అందుకుని, విమానం దిగి, ఇంటికి కూడా పోకుండా పెట్టెతో సహా ఇక్కడికే వచ్చింది. ఆవిడ పరిశోధనలోంచి పుట్టిన మందునే ఇవాళ చెల్లెలికి రెండోసారి ఎక్కించాలి.

"ఇంత బరువుందేంటక్కా! ఇదేనా వాళ్ళిచ్చింది?"

"గాజుదే. ఇటివ్వు, కింద పడేస్తావు."

"దేనికిచ్చారో చెప్పు ముందు. మీ మరిది ఆఫీసులో డప్పు కొట్టుకుంటున్నాడు, మా వదిన అంతటిది ఇంతటిదని. దేనికని అడిగితే నీళ్ళు నములుతున్నాడు."

"రక్తనాళాలు ఎలా పెరుగుతాయి, రోగాన్ని తట్టుకునే శక్తికీ వాటికీ సంబంధమేంటి... అదే. వదిలెయ్, తర్వాత చెప్తా."

"ఇప్పుడే చెప్పు. తేలిగ్గా చెప్పు. నేను సైన్సు తప్పినదాన్ని."

"సరే. గడ్డ ఉందనుకో..."

"అనుకోవడమేంటి, ఉందిగా."

"ఉంది. అది పెరగాలంటే తిండి కావాలి. అందుకని పక్కనుంచి కొత్త రక్తనాళాలు లాక్కుంటుంది, దొంగ కరెంటు లాగినట్టు. ఒంట్లో కాపలా కణాలు ఉంటాయి కదా, వాటినీ మాయచేసి పక్కకి తిప్పేస్తుంది. మందు ఆ నాళాల్ని ఆపుతుంది, కాపలావాళ్ళని లేపుతుంది. అంతే."

"గడ్డ ఒక్కదానికేనా ఆపేది?"

"అంటే?"

"కొత్తగా ఇంకేదన్నా పెరుగుతుంటే?"

"గాయాలు తొందరగా మానవు. అందుకే చెప్పా, కత్తిపీట జోలికి పోవద్దని."

"గాయం కాదక్కా."

"మరి?"

"మేడమ్, మందు కలిపేశాం. తెచ్చి పెట్టేదా?"

"కాసేపాగండి సిస్టర్. అక్కతో మాట్లాడుతున్నా."

"అయ్యో, మీరు ఆ మేడమే కదండీ! మాకు క్లాసులో మీ ఫోటో చూపించారు."

"ఫోటోలో ఇంకాస్త పడుచుగా ఉంటుంది లెండి."

"నోర్ముయ్యవే. సారీ అమ్మా, పిలుస్తాం, వెళ్ళండి... ఏంటే పిట్టా, గాయం కాకపోతే ఏంటి?"

"నెల తప్పింది."

"ఈ మందులకి అలా..."

"పరీక్ష చేశారు. ఉందన్నారు."

"మొదటిసారి ఎక్కించేముందు చేశారుగా! లేదన్నారుగా!"

"అప్పటికి మరీ తొలిరోజులట, తేలలేదు. నువ్వెళ్ళాక మళ్ళీ చేస్తే తేలింది."

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడా?"

"ఇప్పుడే. టైము చూసుకుని మరీ వచ్చింది, మన పోలికే."

"నేనే తొందరపెట్టానే. కొన్నాళ్ళు ఆగుదామన్న డాక్టరు మీద అరిచి మరీ మొదలుపెట్టించాను..."

"నిన్నెవరూ అనట్లేదు. అడిగినదానికి చెప్పు. బిడ్డ కూడా నాళాలు లాక్కునే పెరుగుతుందా?"

"ఊఁ."

"కాపలావాళ్ళని మాయచేసి?"

"అవునే. అదే పద్ధతి. గడ్డ ఆ విద్య బిడ్డ దగ్గరే కాజేసింది. మేం తేల్చింది అదే."

"అంటే నీ మందుకి తేడా తెలీదు."

"తెలీదు."

"నీకు తెలుసుగా."

"నాకు తెలిసి ఏం లాభం? మందుకి చెప్పలేనుగా! ఇన్నేళ్ళు దాంతోనే కాపురం చేశాను, ఆ ఒక్క ముక్క నేర్పలేకపోయాను."

"అయితే ఇద్దరం దక్కే దారి లేదు. అంతేనా?"

"ఎందుకే అలా అడుగుతావు?"

"లేదంటే లేదని చెప్పు. చిన్నప్పుడు నా కుక్కపిల్ల చచ్చిపోతే అందరూ ఊరెళ్ళిందన్నారు. చచ్చిపోయిందని చెప్పింది నువ్వొక్కదానివే. అందుకే నిన్నడుగుతున్నా. లేదు కదూ?"

"ఏడవకే."

"ఏడవట్లేదు. చెప్పు."

"ఉంది."

"ఏంటి?"

"దారి ఉంది. ఇవాళ్టిది ఆపేద్దాం. ఒక్కసారి ఎక్కినదానికేం కాదు. గడ్డ సంగతి వేరే మందులతో చూద్దాం, కాన్పు దాకా నెట్టుకొద్దాం. ఇద్దరూ దక్కుతారు."

"నిజంగానా?"

"నా మీద ఒట్టు."

"అసలు మొదటిది కూడా ఎక్కించుకోకపోయుంటే?"

"అప్పుడైతే బెంగే లేదు. రాయిలా ఉండేది బిడ్డ. పోనీలే, ఇప్పుడు మాత్రం ఏమైంది? నేనున్నాగా."

"రాయిలా ఉండేదా..."

"ఎందుకే అలా చూస్తావు? నాకు భయమేస్తోంది."

"సిస్టర్! మందు తెచ్చేయండి."

"ఆపేద్దామంటున్నానా! బిడ్డ సంగతేంటి?"

"నువ్వు విమానంలో ఉండగానే పోయిందక్కా. ఎలాగూ దక్కేది కాదని నీ నోటితో ఒక్కమాట వింటే చాలనుకున్నాను."