పెద్ద తెర మీద లేని గడి

విచారణ గదిలోంచి పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. బ్లడ్ బ్యాంకు కౌంటరులో పనిచేసే ఆమె ఆసుపత్రి ఎదుటి టీ బంకు బెంచీ చివర కూర్చుని, చేతిలో గ్లాసు సంగతే మరిచిపోయి, మెట్లవైపు చూస్తోంది. పక్కనే బాబాయ్, అంటే ఆమె పిన్ని మొగుడు. బ్లడ్ బ్యాంకులో రక్తం సంచుల వివరాలు చూపించే డేటాబేస్ స్క్రీన్ తయారుచేసింది ఆయనే. ఆయన కోతలకు అంతూ పొంతూ ఉండదని బంకులో అందరికీ తెలుసు.

నిన్న ఆమె వార్డుకు ఒక సంచి పంపింది. అది మళ్ళీ పరీక్ష చేసేదాకా ఆపి ఉంచాల్సిన సంచి. వార్డు నర్సు ఎక్కించేముందు ల్యాబుకు ఫోన్ చేసి కనుక్కోబట్టి రోగి బతికి బయటపడ్డాడు. "ఆపాలి అనే గడి నా స్క్రీన్ మీద లేదు సార్" అని విచారణలో సూపరింటెండెంటు ముందు ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. "నా స్క్రీన్లో అన్నీ కనిపిస్తాయి" అని పొద్దున బాబాయ్ సూపరింటెండెంటుకు తన బల్లమీది పాత చిన్న మానిటర్ తెరిచి చూపించాడు. అందులో గడి ఉంది. ఆమె కౌంటరులో ఈమధ్యే పెట్టిన పెద్ద మానిటర్ దాకా వచ్చి చూసినవాడు లేడు. అధికారం కుర్చీలోంచి లేవదు కదా. యంత్రం నిర్దోషి, ఉద్యోగం పోయేది దాని ముందు కూర్చున్న మనిషికే. అదీ న్యాయం!

బాబాయ్ మాత్రం కాలుమీద కాలేసుకున్నాడు.

"విన్నారా, మన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వచ్చే వెర్షన్లో రూపు మొత్తం మార్చేస్తున్నారు. ఎంత పెద్ద తెరైనా ఫారం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, అక్షరాలు మసకబారవు, మూలన చిన్న మీట ఉంటుంది, అటు జరిపితే పెద్దవి, ఇటు జరిపితే చిన్నవి. దీని వెనక ఎవరున్నారో తెలుసా?"

"మీరే అయ్యుంటారు" అన్నాడు టీ ఆయన పాలు తిరగబోస్తూ.

"నేను చేసిందేముందిలే, ఆ కంపెనీకి ఓ చిన్న సలహా రాశాను, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటున్నానా, ఫోను! పెద్ద ఇంజినీరు. 'అయ్యా, మీ సలహా చదివి మావాళ్ళు భోజనాలు మానేశారు' అన్నాడు. ముందు తినమనండి, తర్వాత మాట్లాడదామన్నాను."

ఎదురు బెంచీ మీద టీ తాగుతున్న అంబులెన్స్ డ్రైవరు పకపకా నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. "బాబాయ్, పైన మళ్ళీ పిలుస్తారు. ఒక్కసారి నా కౌంటరు దగ్గరికొచ్చి, అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకున్న ఆ కొత్త మానిటర్ చూడండి" అంది.

"ఉండవే అమ్మాయ్, మంచి రసపట్టులో! ఆ ఇంజినీరు ఊరుకున్నాడా? పదిమందిని వెంటేసుకుని ఇంటికే దిగాడు. మీ పిన్ని గుమ్మంలోనే ఆపి, చెప్పులు బయట విడవమంది. నేను మా గోడనే తెర చేసి ఫారం చూపించాను. చాల్లేదు. ఎదురు మేడకేసి చూపించాను. చాల్లేదు. ఆఖరికి కొండకేసి తిప్పాను. సేవ్ బటన్ మీద మేకలు మేస్తున్నాయి, అనుకో!"

"నొక్కాలంటే ఎట్లా సార్?" అన్నాడు డ్రైవరు.

"మేక కాలేసిందా, సేవ్! అలా నాలుగు రికార్డులు పడ్డాయి కూడా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పున్నమి వచ్చింది. నేను మీట ఇంకాస్త జరిపాను. ఫారం వెళ్ళి చంద్రుడి మీద పడింది! సముద్రంలో ఓడవాళ్ళు తలలెత్తి పేరూ వయసూ చదువుకున్నారు. ఒక ముసలాయన అద్దాలు తీసి పారేసి, నా పుట్టిన తేదీ తప్పుగా ఉంది దిద్దు బాబూ అని కేకేశాడు. ఇక్కణ్ణించే దిద్దాను!"

మెట్ల పైన తలుపు తెరుచుకుంది. ఆమె లేవబోయింది. ఎవరో ఫైలు పట్టుకుని వెళ్ళిపోయారు. తలుపు మళ్ళీ మూసుకుంది.

"అంతా బానే ఉంది గానీ," డ్రైవరు అడిగాడు, "ఇప్పుడున్న దాంట్లో ఏం తక్కువైందని సార్ ఇంత రగడ?"

"ఏం తక్కువా? పిచ్చోడా! ఇప్పుడు పెద్ద తెర పెట్టి, అక్షరాలు చీమల్లా ఉన్నాయని సైజు పెంచావనుకో, ఫారం ఉబ్బి కుడిచేతి గళ్ళన్నీ తెర అవతలికి పోతాయి. పక్కకి జరిపి చూడ్డానికి కింద పట్టీ ఉండాలా, అది అందానికి అడ్డమని నేనెప్పుడో పీకేశాను. మరి అవతల ఉన్న గడి బ్రహ్మకైనా కనిపిస్తుందా? అందుకే ఆ కంపెనీవాణ్ణి గొంతుపట్టుకుని మరీ మార్పించాను!"

ఆమె గ్లాసు బెంచీమీద పెట్టింది.

"బాబాయ్, ఇది నిజమేనా?"

"నా మాటలో అబద్ధమెప్పుడైనా ఉందా?"

"చంద్రుడు నాకొద్దు. పెద్ద తెరమీద కుడివైపు గడి కనపడదని, పట్టీ మీరే తీసేశారని అన్నారే, అదొక్కటే అడుగుతున్నా."

బాబాయ్ కాలు మీంచి కాలు దించాడు. టీ ఆయన గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"అది... ఏదో ఊపులో అన్నానమ్మా."

"అయితే కోతన్నమాట. మరి పొద్దున సూపరింటెండెంటుగారితో అన్నీ కనిపిస్తాయన్నారు, అదో? రెండింట్లో ఒకటి కోతే కదా. ఏది కోతో చెప్పండి."

డ్రైవరు నవ్వలేదు. ఇందాకటి వరకూ కథ విన్న మనుషులు ఇప్పుడు సాక్షులయ్యారు.

"అమ్మాయ్," బాబాయ్ గొంతు తగ్గించాడు, "పైన అలా చెబితే నా కాంట్రాక్టు గల్లంతు. మీ పిన్నికేం చెప్పను?"

"పిన్నికి నేను చెప్తాను. ఆ సంచి ఎక్కించుంటే, ఆ రోగి ఇంట్లోవాళ్ళకి ఎవరు చెప్పేవాళ్ళు? రేపు నా కుర్చీలో ఇంకో పిల్ల కూర్చుంటుంది. దానికీ ఆ గడి కనపడదు."

పై నుంచి అటెండరు ఆమెను పిలిచాడు. ఆమె లేచి రోడ్డు దాటింది. మెట్ల దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు. బతిమాలడం అక్కడితో అయిపోయింది.

"లేవండి సార్," డ్రైవరు అంటున్నాడు, "మేమూ వస్తాం."

వెనక చెప్పుల చప్పుడు దగ్గరయ్యేదాకా ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టలేదు.