బెంచీ మీది పెద్దాయన

కంప్యూటర్లో బేస్‌బాల్ జట్టును నడిపే ఆట ఆడుతోంది కోడలు. ఒక్క పరుగు ఆధిక్యంలో ఉంది. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఇంకో ముగ్గుర్ని అవుట్ చేస్తే ఫైనల్‌కి వెళ్ళినట్టే. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఇంట్లో నోరు విప్పడమే మానేసిన మామగారు, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

“బంతి విసిరేవాడు డస్సిపోయాడు కదమ్మా!”

“అవును మామయ్యా. అలాంటప్పుడు దిగేవాళ్ళే రిలీఫ్ పిచర్లు. ఎవరు ఎప్పుడు దిగాలో ముందే సెట్ చేసి పెట్టాలి.”

“బెంచీ మీది ఈ నెరిసిన గడ్డమాయనో?”

“వయసైపోయింది. ‘ఓడిపోతున్నప్పుడే’ అని పెట్టాను.”

“ఓడిపోతుంటే దిగి ఆయన మాత్రం ఏం చేస్తాడమ్మా?”

కోడలు ఆ ఆటగాడి వివరాలు తెరిచింది.

“వేగం లేదు మామయ్యా.”

“గురి?”

“గురిలో మాత్రం అందరికన్నా మిన్న.”

“మరింకేం! రద్దీ రోడ్డు మీద బండి నడపడానికి వేగమెందుకు?”

ఆమె నవ్వి, ‘గెలుపు కాపాడాల్సినప్పుడు’ అని మార్చింది. తెర మీద గడ్డం పెద్దాయన దిగాడు. మొదటివాడు అవుట్. రెండోవాడూ అవుట్. మూడోవాడు కొట్టిన బంతి గాల్లోకి లేచింది. దాంతోపాటే మామగారూ లేచారు.

“పట్టు! పట్టరా నాయనా!”

పట్టాడు. వాళ్ళ కేకలకి వంటింట్లోంచి అత్తగారు పరిగెత్తుకొచ్చారు.

“ఏం కొంప మునిగిందండీ?”

“ఫైనల్‌కి వెళ్ళామే!”

అని, ఆయన కోడలి వైపు వంగారు. “ఇవాళ్టికి ఆయన్ని పడుకోనివ్వమ్మా. చెయ్యి లాగేస్తూ ఉంటుంది.”

“అది బొమ్మ మామయ్యా!”

“బొమ్మయితే? రేపు ఫైనల్ ఆడించద్దూ!”