పట్నంలో కలిసిన ఊరి ఆడపడుచు

సరిహద్దు పట్నం మునిసిపల్ ఆఫీసు రికార్డుల గదిలో, బట్టలు కుట్టే పెద్దావిడ గుమాస్తా ముందు నిలబడి ఉంది.

"ఇవాళ రెండు గంటలకి నా పౌరసత్వం మీద విచారణ బాబూ. నేను పుట్టిన ఊరు ఈ దేశంలోనే లేదంటున్నారు."

"ఊళ్ల జాబితాలో లేదమ్మా. ఆ పేరుతో ఉన్న ఊరు సరిహద్దు అవతలే ఉంది."

"మాది ఆరొందల ఏళ్ల ఊరు నాయనా! ఈ పట్నం కోటకి రాళ్లు కొట్టింది మావాళ్లే. పట్నం పెరిగి మమ్మల్ని కలిపేసుకుంది. ఇప్పుడది తొమ్మిదో వార్డట!"

"నోటిమాట చెల్లదమ్మా. ఉండండి... ఊరిని కలిపిన రోజు రాసిన ఇంటింటి లెక్క ఇది. మీ ఇల్లెక్కడ?"

"రాళ్లు కొట్టేవాళ్ల వీధిలో చివరిది."

"దొరికింది. మీ నాన్నగారి పేరు, భార్య, ఇద్దరు కొడుకులు... పేరింకా పెట్టని ఆడపిల్ల, వయసు పదకొండు రోజులు."

"అది నేనే బాబూ!"

"పేరు లేదు కదమ్మా, ఒప్పుకుంటారో లేదో."

"అలా అనకు నాయనా, ఆ ఇంట్లో ఆడపిల్లని నేనొక్కదాన్నే."

"మీ గుర్తింపు కార్డు ఇలా ఇవ్వండి. పుట్టిన తేదీ... ఈ లెక్క రాసిన రోజుకి సరిగ్గా పదకొండు రోజుల ముందుదే."

"ఆ పుస్తకం ఇస్తావా మరి?"

"బయటికి ఇవ్వకూడదమ్మా."

"అయ్యో!"

"చెప్పులేసుకోండి. నేనే పట్టుకుని మీతో విచారణకి వస్తాను."