రసమట్టం మేస్త్రి ఆపించిన స్లాబు

ఏంటమ్మా, పైకప్పు మీద ఆ సుద్దగీత గీసింది నువ్వేనా? కాగితంలో దాని గురించి ఏం రాశావో ఒకసారి చదువు, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. మీ ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి, ఈ కాలేజీ బిల్డింగు బాగుచేస్తున్నాం, పాత వైరింగు ఎటు పోయిందో తెలిసినవాళ్ళు మీరొక్కరే మిగిలారు అంటే ఉన్నపళాన వచ్చేశాను. ఊఁ... "సెంట్రింగ్ మేస్త్రి నిర్లక్ష్యం వల్ల స్లాబు మధ్యలో అతుకు పడింది, అక్కడే నీరు కారుతోంది." పాత ఫైల్లో అలాగే ఉందా? ఉంటుంది. కానీ నువ్వది కొట్టేయాలి తల్లీ. ఎందుకో చెప్తాను, ఆ స్టూలు ఇటు లాగు. నా మోకాళ్ళు ఈ బిల్డింగు కంటే ముందే రిపేరుకొచ్చాయి.

ఆ మేస్త్రిని అందరం రసమట్టం అనేవాళ్ళం. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేదేమో, దాంతో పిలిచినవాణ్ణి నేనెరగను. నడుముకి ఎప్పుడూ రసమట్టం, అదే వాలు చూసే బుడగ కర్ర, దోపుకుని తిరిగేవాడు. క్యాంటీన్లో టీ గ్లాసు పెట్టేముందు బల్ల మీద అది పెట్టి బుడగ చూసేవాడు. "బల్ల వంకర, అందుకే ఇక్కడ టీ ఎప్పుడూ సగం గ్లాసే" అనేవాడు, క్యాంటీన్ అతనికి ఒళ్ళు మండేది. ఒకసారి వాళ్ళావిడ క్యారేజీ తెచ్చి, ఈయన నా కొప్పుకి కూడా మట్టం చూస్తాడు బాబూ అని మా అందరి ముందూ అంది. నవ్వలేక చచ్చాం. ఈ గోడల మీద చెక్కగీతలున్నాయి చూడు, వేలితో తడుము. సున్నం లేదు, పూత లేదు, సెంట్రింగుకి కట్టిన చెక్క పలక ఎలా ఉంటే కాంక్రీటు అలా దిగింది. పెద్ద ఇంజనీరు అలాగే కావాలన్నాడు. వైరు ఎక్కడా పైకి కనపడకూడదు, పైపులన్నీ స్లాబు లోపలే అన్నాడు. ఆయన మాటంటే మాటే. మేస్త్రేమో ఒక్కో పలకా ఏరి, చీర కుచ్చిళ్ళు సర్దినట్టు సర్దేవాడు. ఎక్కడున్నాను? ఆఁ, స్లాబు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. కొత్తగా చేరిన ఎలక్ట్రీషియన్ని, ఇంకో నెలలో పర్మనెంటు అవ్వాలి. ఈ హాల్లో పన్నెండు ఫ్యాన్లు. కాంక్రీటు పోసేలోపు ఇనప చువ్వలకి ఫ్యాన్లు తగిలించే పెట్టెలు, వైర్ల పైపులు కట్టేయాలి, అది నా పని. తొమ్మిది కట్టాను. వెనక వరుసకి మూడు తక్కువొచ్చాయి, స్టోరువాడు మధ్యాహ్నం ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. నేను తీసుకుని మూలన పెట్టి, మర్చేపోయాను. తెల్లారి కాంక్రీటు కలిపే మిల్లరు తిరగడం మొదలైంది. పదకొండింటికి సగం స్లాబు అయిపోయింది. కాంక్రీటు కంటే పది అడుగులు ముందు నడిచి అన్నీ చూసుకోవడం రసమట్టానికి అలవాటు. లెక్కపెట్టుకుంటూ వచ్చి నా పక్కన గొంతుక్కూచున్నాడు. "అబ్బాయ్, వెనక మూడు పెట్టెలేవి?" మూలనున్న పెట్టెలు చూపించాను. తిట్టలేదమ్మా. ఎంతసేపు పడుతుందని మాత్రం అడిగాడు. గంటన్నర అన్నాను. లేచి వెళ్ళాడు.

స్లాబు మొదలెట్టాక మధ్యలో ఆపకూడదు, నీకు నేను చెప్పేదేముంది, చదువుకున్నదానివి. ఆపితే అతుకు, అతుకైతే చెమ్మ. ఆయన కిందకెళ్ళి, స్లాబుకి ఆసరాగా తను నిలబెట్టిన కర్రనే తన సుత్తితో కొట్టి జరిపాడు. పైకొచ్చి, ఆపండి, కింద కర్ర జారింది అన్నాడు. ఇంజనీరూ, కూలీలూ అందరూ కిందకి పరుగు. పైన నేనొక్కణ్ణే పెట్టెలు కట్టుకున్నాను. రెండు గంటలు పట్టింది. ఎండకి అప్పటికే పోసిన అంచు బిగుసుకుపోయింది. ఇంజనీరు నలభైమంది ముందు ఆయన్ని పట్టుకుని, ఇరవై ఏళ్ళ మేస్త్రివి, ఒక్క కర్ర నిలబెట్టలేకపోయావా, ఆ మట్టం తీసి పారెయ్ అన్నాడు. పొరపాటైంది సార్ అని తల దించుకున్నాడు. సాయంత్రం కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే, ఎందుకిలా చేశావన్నా అని అడిగాను. "నీది ఉద్యోగం అబ్బాయ్, పోతే మళ్ళీ రాదు. నాది పని. అదెక్కడికి పోతుంది?" అన్నాడు.

పోయింది తల్లీ. ఎదురుగా ఉన్న రెండో బిల్డింగు ఇంకొకరికిచ్చారు. ఫైల్లో అలా రాశాక ఏ పెద్ద పనికీ ఆయన్ని పిలవలేదు. షెడ్లూ, కాలవలూ కట్టుకుంటూ బతికాడు. నేను పర్మనెంటయ్యాను, ముప్పై నాలుగేళ్ళు చేశాను. ఏటా వానలకి ఇక్కడ కారేది, ఏటా తారు పూసేవాళ్ళు. కొత్తగా వచ్చిన ప్రతి ఆఫీసరూ ఎవరి తప్పు ఇది అని అడిగేవాడు. మేస్త్రిదేనండీ అని నిచ్చెన పట్టుకుని నేనే చెప్పేవాణ్ణి. మొదట్లో ఉద్యోగం పోతుందని భయం. తర్వాత సిగ్గు. ఆ తర్వాత అలవాటైపోయింది, అదే అన్నిటికన్నా పాపం. ఇప్పుడు మీరు ఏసీలు పెడుతున్నారు, ఫ్యాన్లన్నీ పీకేస్తారు. పీకండి, పిల్లలు ఉడికిపోతున్నారు. నేను కాదనను. కాగితం మాత్రం సరిగ్గా రాయి. ఎలక్ట్రీషియన్ పెట్టెలు మర్చిపోయాడని రాయి. నా పేరు వేసుకో, సంతకం కావాలంటే పెడతాను.

ఆయన ముందు నిజం ఒప్పుకునే రోజు ఒకటొచ్చిందమ్మా, రాకపోలేదు. ఆయన మనవరాలికి ఇక్కడే సీటొచ్చింది, ఇంజనీరింగే, నీలాగే. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని హాలు చూపించడానికి వచ్చాడు. ఈ పలకలన్నీ నేను సర్దినవే అంటున్నాడు. బయట వాన. సరిగ్గా ఈ గీత కింద బకెట్ పెట్టి నేనున్నాను. నువ్వు కట్టిందే కదా తాతయ్యా, మరి ఎందుకు కారుతోంది అంది ఆ పిల్ల. ఆయన నా వంక చూశాడు. చాలాసేపు చూశాడు. నేను బకెట్లోకి చూస్తున్నాను. "అక్కడ నేనే తప్పు చేశానమ్మా. కర్ర సరిగ్గా పెట్టలేదు" అన్నాడు. అంతే. ఆ పిల్ల చుట్టూ ఉన్న తోటి పిల్లల్ని చూసి, మెల్లిగా తాత చెయ్యి వదిలేసింది.

...

ఆఁ? ఏం లేదు. మెయిన్ బోర్డు కింద మెట్ల పక్కనుంది, పద చూపిస్తాను.