కండువా ఎత్తితే ఆగే బండి

సభకు అధ్యక్షత వహిస్తున్న శాసనసభాపతి ఆప్ గ్యాంబో గారికి, కుడివైపు వరసలో ఉన్న మఠాల పెద్దలకు, ఎన్నికై వచ్చిన యాభై మూడుమంది సభ్యులకు, ఏడు లోయల నుంచి నడిచీ, గుర్రాలెక్కీ, ట్రక్కుల వెనక నిలబడీ వచ్చిన మన సెర్దాంగ్ ప్రజలకు, వెనక గోడ దగ్గర ఇంకా టీ పోస్తూనే ఉన్న వంటవాళ్లకు, అందరికీ నమస్కారం.

ముందుగా ఒక చిన్న ఫిర్యాదు. ఇందాక నేను లోపలికి రాగానే మీరంతా లేచి నిలబడ్డారు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆ అవసరం తీరిపోయింది. మీరు ఒప్పుకున్న కొత్త చట్టంలోనే ఉంది, పదకొండో పేజీ. ఎవరైనా చదివారా? (నవ్వులు.) సభాపతి గారైతే అందరికంటే ముందు లేచారు. మోకాళ్ల నొప్పులని పొద్దుటే నాతో చెప్పుకున్న మనిషి!

రాజుకి వీడ్కోలు సభ ఎలా జరపాలో మనలో ఎవరికీ తెలియదు. ఇంతవరకు మన రాజులు చచ్చిపోయి తప్ప పదవి దిగలేదు కదా. అందుకే పొద్దుటి నుంచి తొమ్మిదిమంది మాట్లాడి, పోయినవాళ్ల గురించి చెప్పే మాటలన్నీ నా గురించి చెప్పేశారు. వాళ్లు చెప్పిన రాజెవరో గానీ, ఆయన రాజ్యంలో నాక్కూడా ఉండాలనిపించింది. (నవ్వులు, చప్పట్లు.) రేపటి నుంచి ఆ సింహాసనం మీద నా కూతురు కూర్చుంటుంది. పండగలకి వస్తుంది, మీరు చేసిన చట్టాల మీద ముద్ర వేస్తుంది. అంతకుమించి ఆమెని ఏమీ అడగకండి. చేయలేదు, చేయకూడదు.

ఇక అసలు సంగతికి వస్తాను. నా ముందున్న ఈ పళ్లెంలో పట్టుగుడ్డలో చుట్టిన కాగితం ఒకటి ఉంది. అందులో ఏముందో మీ అందరికీ తెలుసు, తెలియనట్టు కూర్చున్నారు. కొత్త శాసనసభ చేసిన మొట్టమొదటి తీర్మానం అది. అన్ని అధికారాలూ రాజు దగ్గర్నుంచి తీసుకున్నా, కండువా ఆనవాయితీ మాత్రం నేను బతికున్నన్నాళ్లూ నాకే ఉండాలని రాశారు. దారి పక్కన ఎవరైనా తెల్ల కండువా తలపైకెత్తి నిలబడితే నా బండి ఆగాలి, నేను దిగాలి, వినాలి, అక్కడికక్కడే తేల్చి చెప్పాలి. నేనన్న మాట శాసనం. మా తాత చేశాడు, మా నాన్న చేశాడు, ముప్పై నాలుగేళ్లు నేను చేశాను. దాన్నిప్పుడు కానుకగా నాకే తిరిగి ఇస్తున్నారు. మీ ముందు దాపరికం ఎందుకు, ఈ పళ్లెం తెచ్చి పెట్టినప్పటి నుంచి నా చెయ్యి అటే పోతోంది.

రాజుగా నాకు బాగా నచ్చిన పని అదొక్కటే. ఈ మహలు, ఈ దుస్తులు, విదేశాల నుంచి వచ్చేవాళ్లతో భోజనాలు, వీటిలో దేని మీదా నాకు బెంగ లేదు. కానీ మలుపు తిరగ్గానే దూరంగా పొగమంచులో ఎవరో చేతులెత్తి నిలబడి ఉండటం, ఆ చేతుల్లో తెల్లగా గుడ్డ ఊగుతుండటం, మా డ్రైవరు నాకు చెప్పకుండానే బ్రేకు తొక్కడం, నేను దిగి బురదలో నడిచి వెళ్లి, "ఏం కష్టం వచ్చింది? చెప్పు, వింటాను" అనడం... అది పోతుందంటే గుండె పిండినట్టుంది. ఒక మనిషికి నేను కావాలి, ఇప్పుడే, ఇక్కడే కావాలి అన్నది కళ్లెదుట కనబడే పని అది. అంత ఇష్టమైనది నా జీవితంలో ఇంకొకటి లేదు. మా ఆవిడ ముందు వరసలోనే ఉందని తెలిసే చెబుతున్నాను. (నవ్వులు.)

ఒకసారి ఒక ముసలాయన కండువా ఎత్తి ఆపాడు. దిగి అడిగాను. "కష్టమేం లేదు దొరా," అన్నాడు. మరెందుకు ఆపావంటే, "మా నాయన మీ నాయన్ని ఆపాడు. నేను మిమ్మల్ని ఆపకపోతే ఊళ్లో నన్ను లెక్కచేస్తారా?" అన్నాడు. ఇద్దరం గట్టు మీద కూర్చుని ఉప్పు టీ తాగాం. ఆ రోజు నాకది పధ్నాలుగో గిన్నె. డ్రైవరు లెక్కపెట్టి మరీ మా ఆవిడకి చెప్పాడు.

ఇప్పుడు సభాపతి గారిని కాస్త ఇబ్బంది పెట్టబోతున్నాను. (అధ్యక్షులు: "ఇంతమందిలోనా దొరా!" నవ్వులు.) ఇరవై రెండేళ్ల కింద యాంగ్‌సెర్ ఊరి దగ్గర కండువా ఎత్తినవాడు ఈ గ్యాంబోనే. అప్పుడాయన ఊరి పెద్ద, సన్నగా ఉండేవాడు, మీరు నమ్మరు. "కొండ మీద వాగు వృథాగా అవతలకి పోతోంది దొరా. మావైపు మళ్లించుకుంటే మెట్టపొలాల్లో వరి వేసుకుంటాం, పిల్లలు మొక్కజొన్న తిని తిని విసిగిపోయారు," అన్నాడు. ఆడవాళ్లు నా చేతిలో టీ గిన్నె పెట్టారు. అది చల్లారేలోపే, "మళ్లించుకోండి," అన్నాను. ఊరంతా ఏడ్చింది సంతోషంతో. నేనూ కళ్లు తుడుచుకుంటూ బండెక్కాను. ఎంత మంచి రాజునో అని నాకు నేనే అనుకున్నాను.

వాగు అవతలకి వృథాగా పోతోందన్నాడు కదా. అవతల ఏముందని నేను అడగలేదు. అవతల రోడ్డు లేదు. రోడ్డు లేనిచోటికి నా బండి పోదు, బండి పోనిచోట కండువా ఎత్తినా నాకు కనబడదు. ఇంత చిన్న సంగతి నాకు తట్టడానికి ఏడేళ్లు పట్టింది. అదీ కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోయి, నేను ఇద్దరు మనుషులతో అవతలి కాలిబాటన దిగాల్సి వచ్చింది కాబట్టి.

ఆ ఊరు దొరోక్. దిగుతుంటే కుక్క కూడా మొరగలేదు. తలుపులకి తాళ్లు కట్టి ఉన్నాయి, పొలాలు ఎండి నెర్రెలిచ్చి ఉన్నాయి. మూడిళ్లలో పొగ వస్తోంది. ఒక ఇంటి ముందు ఒక ముసలావిడ నడుం వంచి చీపురు కడుతోంది. అమ్ ఖాందుమ్ ఆమె పేరు. నేను గడ్డం పెంచి ఉన్నాను, మోకాళ్ల దాకా బురద. "దాహంగా ఉందమ్మా," అన్నాను. లోపలికి రమ్మంది.

పూజ అర మీద ఏడు గిన్నెలుండాలి కదా నీళ్లతో. ఆరు బోర్లించి ఉన్నాయి. ఒక్క దాన్లోనే నీళ్లు. దాని వెనక, పొగపట్టి నల్లబడిన పటం. ఇరవై ఆరేళ్ల వయసులో పట్టాభిషేకం నాడు తీసిన నా పటం. ఆవిడ దేవుడి ముందున్న ఆ గిన్నె తీసి నా చేతిలో పెట్టింది.

"అదేంటమ్మా, పూజవి కదా?" అన్నాను.

"తాగు నాయనా. ఇంకెక్కడున్నాయి ఈ ఇంట్లో? మధ్యాహ్నం మళ్లీ ఊటకి పోవాలి."

"వాగు ఏమైంది?"

"రాజుగారు అటు మళ్లించమన్నారు."

"మరి వెళ్లి అడగలేదా?"

"ఎందుకడగలేదు? నాలుగుసార్లు పోయాం కండువా పట్టుకుని. రెండ్రోజుల నడక. మేం రోడ్డెక్కేసరికి బండ్లు ఎళ్లిపోయేవి, దుమ్ము మాత్రం మిగిలేది." చీపురు పుల్లలు సర్దుకుంటూ అంది, "రాజు మంచోడు నాయనా. అదే మా ఖర్మ. చెడ్డోడైతే ఈపాటికి పోయి కొట్లాడేవాళ్లం. మంచోడితో ఎట్టా కొట్లాడతాం చెప్పు? తప్పు చేశావని ఎట్టా అంటాం?"

నేను రాజునని ఆవిడతో చెప్పలేదు. యుద్ధం వస్తే ముందు నడవాలని నేర్పించి పెంచారు నన్ను. ఆ ముసలావిడ ముందు నోరు విప్పే ధైర్యం మాత్రం లేకపోయింది. ఆ గిన్నెడు నీళ్లూ తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాను.

వస్తూ వస్తూ వాగు మళ్లీ ఇటు తిప్పమని ఆజ్ఞ ఇద్దామనుకున్నాను. సగం దారిలో ఆగిపోయాను. మళ్లీ అదే టీ గిన్నె, అదే తీర్పు. ఈసారి యాంగ్‌సెర్ ఎండుతుంది, అంతే తేడా. అందుకని రెండూళ్లవాళ్లనీ ఒకచోట కూర్చోమన్నాను, మీరే తేల్చుకోండి, నన్ను పిలవొద్దన్నాను. రెండేళ్లు కొట్లాడారు. గ్యాంబో గారిని అమ్ ఖాందుమ్ పన్నెండూళ్లు వినేలా తిట్టింది. (అధ్యక్షులు: "పదమూడు!" నవ్వులు.) చివరికి తేలింది. నాలుగు రోజులు ఇటు, నాలుగు రోజులు అటు, నాట్ల కాలంలో వేరే లెక్క. అంత చక్కని ఒప్పందం నేను నూరేళ్లు కూర్చున్నా రాయలేను. ఎందుకంటే ఆ నీళ్లు తాగేది వాళ్లు, నేను కాదు. ఒప్పందం అయ్యాక నాకొక ఉత్తరం వచ్చింది. అంతా కుదిరింది, దొరవారు రానక్కర్లేదు అని. సంతోషించాలి కదా? రెండ్రోజులు అన్నం సహించలేదు నాకు. నా అవసరం లేదని మొదటిసారి ఎవరో కాగితం మీద రాసి పంపారు.

నేను నేర్చుకున్నది అక్కడే. రాజ్యం ఎన్ని పనులు తన నెత్తినేసుకుంటే అన్ని తప్పులు ఎవరికీ కనబడకుండా చేస్తుంది. దారులు వెయ్యాలి, సరిహద్దు కాయాలి, బలవంతుడు బలహీనుణ్ణి కొడితే అడ్డుపడే న్యాయస్థానం ఉండాలి. మిగతావన్నీ ఎవరి ఊరు వాళ్లది, ఎవరి వాగు వాళ్లది. ఆ కాస్త పని చేసేవాణ్ణి కూడా మీరే పెట్టుకోవాలి, నచ్చకపోతే మీరే దించాలి. నేను మంచివాణ్ణని మీరంటారు. సరే, ఒప్పుకుంటాను, ఈ పూట కాదంటే మర్యాదగా ఉండదు. కానీ ఒక మనిషి మంచితనానికి ఒక దేశాన్ని ఆనించి నిలబెట్టడం ఏం తెలివి? రేపు నా మనవడు మూర్ఖుడైతే? వాడికి మూడేళ్లు, ఇప్పటికే లక్షణాలు కనబడుతున్నాయి. (నవ్వులు.)

ఇదంతా చెప్పుకుంటూ నాలుగేళ్లు లోయలన్నీ తిరిగాను. మీరు వింటే కదా! "మీరుండగా మాకు ఓటెందుకు దొరా?" అన్నారు. నేను పోయాక ఎలా అంటే, "మీరెక్కడికి పోతారు?" అన్నారు. అలవాటు కావాలని ఒక ఉత్తుత్తి ఎన్నిక పెట్టించాను. ఊరి గిడ్డంగిలో బార్లీ నిలవ చేయాలా, మొక్కజొన్నా, ఓటెయ్యండి అని. వరసలో నిలబడి అందరూ ఒకటే ప్రశ్న, "పొద్దున రాజుగారు ఏం తిన్నారు?" బార్లీ తిన్నానని ఎవరో చెప్పారు. అంతే, దేశమంతా బార్లీ. బార్లీ గింజ మొలవని వేడి లోయల్లో కూడా బార్లీయే గెలిచింది! (నవ్వులు.) మీరు నవ్వుతున్నారు. నేను ఆ రోజు గది తలుపేసుకుని కూర్చున్నాను.

అందుకే ఈ పళ్లెంలో కాగితం చూస్తే నాకు భయం వేస్తోంది. ఇది కూడా బార్లీ ఓటే. తీర్మానానికి అనుకూలంగా యాభై రెండు.

వ్యతిరేకంగా ఒకటి.

ఆ ఒక్కరు దొరోక్ సభ్యురాలు జంగ్మో. అమ్ ఖాందుమ్ మనవరాలు. సభలో లేచి ఒకే మాట అందట, "రాజుగారంటే మా నానమ్మకి ప్రాణం, అందుకే వద్దంటున్నా" అని. కూర్చుందట. నిన్న భోజనాల దగ్గర ఆమెకి అటూ ఇటూ కుర్చీలు ఖాళీగా ఉండటం నేను చూశాను. కృతజ్ఞత లేని మనిషని ఎవరో అనడం కూడా విన్నాను. అన్నవాళ్ల పేరు చెప్పను, నాలుగో వరసలో తల దించుకున్నారు, చాలు. నేను వెళ్లి ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. ఇద్దరం మిరపకాయల కూర కలుపుకుని తింటూ ఉండగా అప్పుడు చెప్పిందా అమ్మాయి, పోయే ముందు వాళ్ల నానమ్మ తనతో అన్న మాట.

ఆ రోజు గడప తొక్కగానే ఆవిడ నన్ను గుర్తుపట్టిందట. "గుర్తుపట్టానని తెలిస్తే నేను సాష్టాంగపడాలి, పడితే ఇంక నోరు లేవదు. ఎవరో బాటసారి అనుకున్నట్టు నటించా, ఊరి సంగతి చెప్పుకోగలిగా" అందట.



పదిహేనేళ్లుగా నేనే ఆవిడ దగ్గర దాక్కున్నాననుకుంటున్నాను. నాకు నిజం చెప్పడానికి, నేను రాజుని కానట్టు నటించాల్సి వచ్చింది ఆవిడకి. దేవుడి ముందున్న నీళ్లు తీసిచ్చిన మనిషికి! జంగ్మోకి ఆ నటన అక్కర్లేకపోయింది. తన కుర్చీలో తను కూర్చుని, తన చెయ్యి తనెత్తి, వద్దు అంది. ముప్పై నాలుగేళ్లలో నలుగురి ముందూ నాకు వద్దని చెప్పిన మొదటి మనిషి ఆమె. ఈ పూట నాకు దక్కిన సన్మానం ఆ ఓటే. జంగ్మో, ఒక్కసారి లేచి నిలబడమ్మా. (చప్పట్లు. కొందరు లేచి నిలబడ్డారు.) కూర్చోండి, కూర్చోండి, మళ్లీ అందరూ ఒకేసారి లేవకండి!

ఇక సెలవు తీసుకునే ముందు నా పాత అలవాటు ఒకటి తీర్చుకోనివ్వండి. (జేబులోంచి తెల్ల కండువా తీసి, రెండు చేతులతో తలపైకెత్తి, అధ్యక్షుల వైపు తిరిగి నిలబడ్డారు.)

గ్యాంబో గారూ, ఎంతసేపు చూస్తారు? ఆనవాయితీ మీకు తెలుసు. కండువా ఎత్తినవాడి దగ్గరికి పెద్దమనిషే దిగి రావాలి. మోకాళ్లు జాగ్రత్త.

(అధ్యక్షులు వేదిక దిగి వచ్చారు. "ఏం కష్టం వచ్చింది? చెప్పు, వింటాను" అన్నారు.)

ఈ మాట ఎన్ని వేలసార్లు అన్నానో లెక్కలేదు. నన్ను మాత్రం ఎవరూ ఇంతవరకు అడగలేదు. అడిగించుకుంటే ఇలా ఉంటుందా!

కష్టమేం లేదయ్యా. రేపటి నుంచి నా బండి మలుపులు తిరుగుతుంటే నా కళ్లు దారి పక్కనే వెతుకుతాయి, అది నేను పడతాను. మీరు మాత్రం ఎవరూ కండువా ఎత్తకండి. టీ తాగడానికి పిలవండి, దిగుతాను. నా మనవి ఒక్కటే, ఆ కాగితం చింపేయండి. ఇన్నేళ్లు నన్ను ఆపినందుకు, మీ ఇళ్లలోకి పిలిచినందుకు, మీ గిన్నెల్లో పోసిచ్చినందుకు ఏడు లోయలకీ పేరుపేరునా కృతజ్ఞతలు. చేతులు నొప్పి పుడుతున్నాయి, తొందరగా తేల్చండి గ్యాంబో గారూ. సెలవు ఇప్పించండి.

(అధ్యక్షులు పళ్లెంలోని కాగితం తీసి జంగ్మో చేతికిచ్చారు. ఆమె చింపింది. "సరే. సెలవు," అన్నారు అధ్యక్షులు.)